సాటిన్‌లో కిటికీ

గౌను మెరుపులో ఒక కిటికీ కనిపిస్తోంది. అది వాళ్లింటి కిటికీ కాదు.

గ్లెనిస్ టీ కప్పు బల్ల మీద పెట్టి, భర్త భుజం మీదుగా కంప్యూటర్ తెర మీదికి వంగింది. ఆకుపచ్చ సాటిన్ గౌను. ఆన్‌లైన్ లోకంలో తిరిగే ఏదో ఆడ అవతార్ బొమ్మ కోసం డెస్ తయారు చేస్తున్నాడు. సూదీ దారంతో పని లేదు. పెన్నుతో తెర మీద రంగులు వేయడమే కుట్టుపని.

ముప్పై ఏళ్లు కార్లకు రంగు కొట్టిన మనిషి. నడుము పట్టేసి షెడ్డు మూసేశాక, ఊరికే కూర్చోలేక ఈ విద్య మొదలుపెట్టాడు. పెర్త్‌లో ఉండే యోలాండ్ అనే ఆవిడ ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది. మొదట్లో అతను వేసిన సాటిన్ తడిసిన గోనెసంచిలా ఉండేది. తెల్ల గీతలు గీసేసి మెరుపనుకుంటే ఎలా అని ఆవిడ చీవాట్లు పెట్టేది. మెరిసే బట్టలో కనబడేది బట్ట కాదట, దాని ఎదురుగా ఉన్న గదట. అందుకని నిజం బట్టనే కిటికీకి ఎదురుగా వేలాడదీయాలి. అందులో వెలుగు ఎక్కడ వంగితే అక్కడ వంచి, ఎక్కడ విరిగితే అక్కడ విరిచి వేయాలి. ఊహించి వేస్తే ఆవిడ ఇట్టే పసిగట్టేస్తుంది.

అప్పటినుంచీ డెస్ ఒక సాటిన్ దిండు గలీబుని వంటింట్లో వేలాడదీసి గీస్తున్నాడు. ఎర్ర కోటు వేసినా, నీలం స్కర్టు వేసినా అందులో మెరిసేది ఆ వంటింటి కిటికీయే. పక్కకు జరిపే రెండు వెడల్పాటి అద్దాలు. గ్లెనిస్‌కి చూసి చూసి విసుగొచ్చింది కూడా.

ఇది అలా లేదు. సన్నగా, పొడుగ్గా ఉంది. ఒకదాని కింద ఒకటి అడ్డంగా గాజు పలకలు. అన్నిటికన్నా కింది పలక లేదు.

"ఈ కిటికీ ఎక్కడిది?" అంది, గొంతు మామూలుగా ఉంచుకోవడానికి తంటాలు పడుతూ.

డెస్ తల తిప్పలేదు. ఊరికే అలా కారేసుకుని బయటకు వెళ్లానని, ఒకచోట వెలుగు బాగా కుదిరిందని చెప్పి మళ్లీ పనిలో పడ్డాడు.

నడుం నొప్పని పాల సీసా తేవడానికి కూడా గడప దాటడు ఈయన. కారేసుకుని వెళ్లాడట, అదీ వెలుగు కోసం.

పొద్దున కంచె దగ్గర పక్కింటి నొలీన్ అన్న మాట గుర్తొచ్చింది. "పొద్దస్తమానం పెర్త్ ఆవిడతో కబుర్లు, చేసేదేమో ఆడవాళ్ల గౌన్లు. కాస్త కనిపెట్టి ఉండు గ్లెన్. మగాళ్లకి ఈ వయసులోనే రెక్కలొస్తాయి" అంది నొలీన్. అప్పుడు గ్లెనిస్ కడుపుబ్బ నవ్వింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆరిన బట్టలు తెస్తానని పెరట్లోకి వెళ్లి, అటునుంచి అటే కారు దగ్గరికి నడిచింది. డ్రైవరు సీటు కింద ఇసుక. సముద్రపు ఇసుక, ఇంకా తెల్లగా ఉంది. పక్క సీట్లో మడత పెట్టిన దిండు గలీబు. బట్టల క్లిప్పులు కూడా తీసుకెళ్లాడు.

అంటే ముందే అనుకుని వెళ్లాడన్నమాట. ఎప్పుడు వెళ్లాడు? తను మందుల షాపులో డ్యూటీకి వెళ్లాకే అయి ఉంటుంది. ఆ గది తాళం ఎవరిచ్చారు? లోపల ఎంతసేపున్నాడు? గదిలో నిలబడకుండా ఆ వెలుగు అలా పట్టుబడదు. ఆ మాత్రం గ్లెనిస్‌కి కూడా తెలుసు.

డెస్ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకుంది. వంటింట్లో ఆ ఈల ఉండదు. ఆదివారం మాంసం మాడిపోయిందని తగువులుండవు. ఇరవయ్యారేళ్ల కాపురం. ఈ వయసులో ఆ ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని అన్నాలు తినాలా? అమ్మో, తన వల్ల కాదు. తీగ మీది తువ్వాళ్లు లాగి బుట్టలో వేసుకుంది.

అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. అడక్కపోతే లోపల పురుగు తొలుస్తూనే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

లోపలికి వచ్చింది. డెస్ ఇంకా ఆ గౌను దగ్గరే ఉన్నాడు.

"మీ టీచరమ్మ చూసిందా దీన్ని?" అంది, తువ్వాళ్లు మడతపెడుతూ.

చూసిందన్నాడు. మొదటిసారి మెచ్చుకుందట. ఇన్నాళ్లకు ఒక గదిలో నిజంగా నిలబడి వేశావని అందట. చెబుతున్నంతసేపూ అతని ముఖంలో సంతోషం లేదు, కోపమూ లేదు. గ్లెనిస్‌కి అదే అంతుబట్టలేదు.

"ఆవిడ సంగతి సరే. నువ్వు చెప్పు గ్లెన్, అచ్చం అలాగే ఉందా?"

"నన్నడుగుతావేంటి? నాకేం తెలుసు?"

"దగ్గరికొచ్చి చూడు."

కుర్చీ కాస్త పక్కకు జరిపి ఆమెకు చోటిచ్చాడు. పెన్నుతో బొమ్మను పెద్దది చేశాడు. గౌను తెర అంచులు దాటిపోయింది. ఇంకా పెద్దది చేశాడు. తెరంతా కిటికీయే నిండింది. పలకల పక్కన పల్చటి కర్టెన్, గాలికి ఎగరకుండా దాని కొసను పలక లేని ఇనప చట్రానికి ముడి వేసి ఉంది. ఆ ముడిని కూడా డెస్ వదల్లేదు, మడత మడతా ఓపిగ్గా వేశాడు.

గ్లెనిస్ చేతిలోంచి తువ్వాలు జారిపోయింది.

ఆ ముడి పోయిన గురువారం తను వేసిందే, వెనక మంచం మీంచి డెస్ కాని మగాడొకడు నవ్వుతూ చూస్తుండగా.