గోటితో గిల్లిన నిమ్మకాయ

మేం విడిపోయాక, పాపను వాళ్ళమ్మ ఇంటి నుంచి శనివారాలు నా ఇంటికి తెచ్చుకుంటున్నాను. కారెక్కితే చాలు, దానికి కడుపులో తిప్పుతుంది. ప్రతి గతుకుకీ నా గుండె జారుతుంది.

ఈసారి ఉప్పద్దిన అల్లం ముక్క, జీలకర్ర నీళ్ళు, నిమ్మకాయ అన్నీ పెట్టుకెళ్ళాను. అయినా రెండుసార్లు కారు ఆపాల్సి వచ్చింది.

ఆదివారం తీసుకెళ్ళడానికి ఎప్పుడూ వాళ్ళమ్మే వచ్చేది. ఈసారి నేనే దింపుతానన్నాను. అదే కారు, అదే దారి, అవే అల్లం, జీలకర్ర నీళ్ళు, నిమ్మకాయ. అద్దంలో మాటిమాటికీ చూశాను. పాప పాటలు పాడుకుంటోంది.

"తగ్గిపోయిందే తల్లీ! ఏది పనిచేసింది? అల్లమా, జీలకర్రా?"

"ఇంటికెళ్ళేటప్పుడు నాకెప్పుడూ తిప్పదు నాన్నా."

గేటు దగ్గర దిగి రెండడుగులు వేసింది. నా మొహం చూసి వెనక్కొచ్చి, నిమ్మకాయ నా చేతిలో పెట్టింది.

"గోటితో గిల్లి వాసన చూడు నాన్నా. తగ్గిపోతుంది."