మెట్ల దగ్గర దగ్గు

ఖళ్లు... ఖళ్లు...

మెట్ల మలుపు ఇంకా రాకుండానే దగ్గాడు కాపలా ఆయన.

మెట్ల కింద ఏదో కదిలింది. ఎవరో గబగబా పైకి పరుగెత్తారు.

"ఆగక్కడ!" అంటూ అతని వెనకే పిల్లిలా వస్తున్న వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ ముందుకు దూకింది.

అక్కడికెళ్ళి చూస్తే ఎవరూ లేరు.

క్లాసు ఎగ్గొట్టి వరండాల్లో తిరిగే పిల్లల్ని పట్టుకోవడం ఆ హైస్కూల్లో అతని ఉద్యోగం. చేరినప్పట్నుంచీ ఒక్కణ్ణి పట్టిచ్చిన పాపాన పోలేదు. పిల్లలు పెట్టుకున్న పేరు దగ్గు మావయ్య.

నిన్న ఆ మెట్ల కిందే సిగరెట్ పీక దొరికింది. ఇక మేడమ్‌కి నిద్ర పట్టలేదు. అసలే ఆవిడ, టిఫిన్ బాక్సు మూత గట్టిగా బిగిస్తే లోపల ఏం దాచావని అడిగే రకం.

"ఎవరది?"

"చూళ్ళేదండి."

"చూడకుండా ఉండడానికేగా ఆ దగ్గు?"



"అవునండి."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని మేడమ్ అనుకోలేదు.

"కాపలా కాయమని పెడితే కబురందిస్తున్నారా? ఎవరితో కుమ్మక్కయ్యారు?"

"ఎవరితోనూ లేదండి. పిల్లలు కదా... ఒక్క నిమిషం కావాలండి వాళ్ళకి."

"ఎందుకు, సిగరెట్ ఆర్పేయడానికా?"



సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడింది. అతను గేటు దాటుతూ దగ్గితే పిల్లలెవరూ నవ్వలేదు. మేడమ్‌కి అదీ అనుమానంగానే తోచింది.

కొత్తగా చేరినవాడు మహా చురుకు. కాళ్ళకి రబ్బరు బూట్లు. వచ్చేదీ పోయేదీ ఎవరికీ తెలియదు.

"అదీ కాపలా అంటే!" అని మురిసిపోయింది మేడమ్.

వారం తిరక్కుండానే అతను ఆవిడ గది తలుపు తట్టాడు.

"ఆ పీక పైపులు బాగుచెయ్యడానికొచ్చినతనిదిటండి. కానీ మెట్ల కింద ఓ అమ్మాయి దొరికింది. రోజూ అక్కడే నక్కుతుందిట!"

"తీసుకురా. దాని సంగతేమిటో చూస్తాను."

తీసుకొచ్చాడు.

తొమ్మిదో క్లాసు చదివే మేడమ్ కూతురే. కళ్ళు వాచిపోయాయి, ముఖమంతా తడి. కిటికీ అవతల సగం క్లాసు ఎగబడి చూస్తోంది.



"నువ్వా! అక్కడేం చేస్తున్నావే?"

"ఏడుస్తున్నానమ్మా. నీకు చాడీలు మోస్తానని నాతో ఎవరూ మాట్లాడరు. పక్కన కూడా కూర్చోరు."

"రోజూ ఏడుస్తున్నావా? మరి ఇన్నాళ్ళూ నాకు తెలియలేదేమే?"

కూతురు కిటికీలోని ముఖాల వైపు ఓసారి చూసి తల దించుకుంది.

"దగ్గు మావయ్యయితే... నేను కళ్ళు తుడుచుకునేదాకా మలుపు అవతలే నిలబడి దగ్గుతూ ఉండేవాడమ్మా."