రెప్పల కోసం

ఇప్పుడు ఆసుపత్రులకు బతికున్న చర్మం చుట్టలుగా వస్తోంది. దాన్ని సన్నటి పట్టీలుగా కోసే పని జుబేదాది. ఆ రోజు ఆపరేషన్ బల్లమీద ఉన్నది ఆమె చెల్లెలు నసీమా. మంటల్లో రెప్పలు కాలిపోయి, కళ్లు మూయలేకపోతోంది.

మొదటి పట్టీ అంచులను కోత యంత్రంలోని గుండ్రటి కత్తి నలిపేసింది. నలిగితే అతుక్కోదు. చుట్టలో ఇంక జానెడే మిగిలింది.

"త్వరగా జుబేదా, వెచ్చబడితే చర్మం చచ్చిపోతుంది!" అన్నాడు డాక్టరు.

జుబేదా కత్తి విప్పేసి పలచటి బ్లేడు బిగించింది. చుట్టను లాగే బిగువు తగ్గించింది. బ్లేడు తగలగానే ఆ చర్మం గగుర్పొడిచింది. ఆమె ఊపిరి బిగబట్టి కోసింది. అంచులు నున్నగా వచ్చాయి.

కట్టు విప్పిన రోజు నసీమా కళ్లు మూసుకుని ఎంతకీ తెరవలేదు.

"తెరువే, భయమేస్తోంది," అంది జుబేదా.

"ఉండు ఆపా, కాసేపు చీకటి చూడనీ."