ఎగురుకుక్కా, గద్ద నీడా

పెనుకొండ పల్లెల్లో ఇప్పుడు గొర్రెలను కాసేది డ్రోన్లే. జనం వాటిని ఎగురుకుక్కలంటారు. అవి ఈల వేస్తే మంద ఎటంటే అటు తిరుగుతుంది. మందను పెంచిన బీరక్క పిలిస్తే మాత్రం ఒక్క గొర్రె చెవి కదపదు. వాళ్ళమ్మ నేర్పిన కూత ఆమె గొంతులోనే ఎండిపోయింది.

ఉత్తరాన మంచు కరిగిపోయాక బంగారు గద్దలు ఈ గుట్టలకు వలస వచ్చాయి. ఆ ఉదయం వాటిలో ఒకటి రెక్కలు ముడిచి రాయిలా దిగింది, ఎగురుకుక్కను గోళ్ళతో పట్టి బండకేసి కొట్టింది. ఈల ఆగిపోగానే మంద బెదిరి పాత క్వారీ గుంత వైపు పరుగు తీసింది.

"అత్తా, మందంతా పాయ!" అని కోడలు సుంకులమ్మ గుండెలు బాదుకుంది.

గద్ద మళ్ళీ లేచి గుంత మీద ఒక చుట్టు తిరిగింది. రెక్కైనా ఆడించలేదు. దాని నీడ ముందు పడగానే గొర్రెలు టక్కున ఆగి, పిల్లలను నడుమ పెట్టుకుని ముద్దలా నిలబడ్డాయి.

సుంకులమ్మ రాయి అందుకుంది. "పిల్లనెత్తుకుపోతాది!"

"పోనీలే అమ్మీ," అంది బీరక్క. "ఇంత మందను ఆపిండేది అదే కదా. కూలి అడిగితే తప్పేముంది?"

ఎండలో మెరిసే ఆ పసిడి మెడను బీరక్క కళ్ళార్పకుండా చూసింది. ఎవరూ నేర్పకుండానే గొర్రెలకు ఆ నీడ గుర్తుంది. ఆమె గొంతు సవరించుకుని అమ్మ కూత కూసింది.

మందలోకెల్లా ముసలి గొర్రె తల తిప్పింది.