ఆగిన చోటు నుంచి

ప్రతి వారంలాగే బుధవారం నాలుగింటికి ఫోను మోగింది. రెండో మోత పూర్తవకముందే ప్రొఫెసరు ఎత్తింది.

"మళ్ళీ ఆగిపోయింది మేడం," అన్నాడు కంప్యూటర్ కేంద్రం ఆపరేటరు.

"సేవ్ అయిందా?" అంది. నాలుగు రోజుల తర్వాత తన గొంతు తనకి వినబడింది.

"పొద్దున ఆరింటి వరకూ అయింది. అక్కణ్ణుంచే మళ్ళీ నడిపించాను."

భూమి లోపలి నీరు రాబోయే వందేళ్ళలో ఎటు కదులుతుందో లెక్కకట్టే ప్రోగ్రాం అది. రిటైరయ్యే ముందు ఆమె రాసిన చివరిది. నెలల తరబడి నడవాలి. అందుకే ఆరు గంటలకోసారి తన స్థితినంతా డిస్కులో రాసిపెట్టుకుంటుంది. కరెంటు పోయినా, యంత్రం మొరాయించినా కథ మొదటికి రాదు. ఆగిన చోటు నుంచే అందుకుంటుంది.

"మీ ప్రోగ్రాం మా మేనమామ లాంటిది మేడం. వెళ్ళొస్తానని గుమ్మం దాకా వెళ్తాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు."

ఆమె నవ్వింది.

పేరుకి అది రెండు ముక్కల కబురు. ఫోను పెట్టేసరికి మాత్రం ఎప్పుడూ ఐదు దాటేది. అతని మోకాలి నొప్పి, ఆమె వంటింట్లో కారే కుళాయి, అన్నీ దొర్లేవి. అతని భార్య పోయి నాలుగేళ్ళు. ప్రొఫెసరు అసలు పెళ్ళే చేసుకోలేదు. "ఈ గదిలో నాతో మాట్లాడేవి ఫ్యాన్లే," అన్నాడొకసారి.

ఇవాళ అతను మోకాలి మాట ఎత్తలేదు.

"శుక్రవారం ఈ యంత్రాన్ని తీసేస్తున్నారు మేడం. ఇంక నడపడానికి లేదు."

ఆమె ఫోను ఇంకో చేతిలోకి మార్చుకుంది. అయితే ఇక మీరు ఫోను చెయ్యరన్నమాట, అని నోటి దాకా వచ్చింది. మింగేసింది.

"సేవ్ అయిన ఫైలుందిగా. అది పట్టుకు రండి," అంది. "మా ఇంట్లో ఓ చిన్న కంప్యూటరుంది. దాని మీద నడిపిద్దాం."

"అంత చిన్నదాని మీదైతే ఏళ్ళు పడుతుంది మేడం."

"పట్టనివ్వండి. మధ్యలో ఆగితే మీరొచ్చి చూడాలి మరి."

అటువైపు ఫ్యాన్ల హోరు మధ్య కుర్చీ జరిగిన చప్పుడైంది.

"వస్తానండీ. ఆదివారం వస్తాను," అన్నాడు మెల్లిగా.

ఆదివారం పొద్దున్నే ఆమె రెండో కుర్చీ మీది పుస్తకాలు దించి, దుమ్ము తుడిచింది. గేటు చప్పుడైంది. బల్ల మీది కాగితాల కట్టని గబగబా బీరువాలో పెట్టి తాళం వేసింది.

ప్రోగ్రాం పూర్తయిన రోజే, అంటే ఐదు నెలల క్రితమే, యంత్రం తనంతట తానే ఆమెకి పంపేసిన చివరి ఫలితాలవి.