ఉతకని స్వెట్టర్

"ఇది కాపలా కాస్తుందా?" అని అడిగాడు వచ్చినాయన.

"ముందు దీనికే ఎవరైనా కాపలా కాయాలి," అంది కుక్కలావిడ.

ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

దిక్కులేని కుక్కలకు ఆవిడ తన పెరటి షెడ్డులో చోటిస్తుంది. మంచి ఇల్లు చూసి పంపేస్తుంది. అందుకే వీధంతా ఆవిడను కుక్కలావిడ అంటుంది. ఎన్నిటినో సాగనంపింది. మొదట్లో ప్రతిదానికీ ఏడ్చేది. ఇప్పుడు ఏడుపు రాదు. వెళ్లినదాని గిన్నె కడిగి బోర్లిస్తుంది, అంతే.

ఇది మాత్రం ఎవరికీ అంటగట్టలేని సరుకు. పుట్టుక కుక్కదే గానీ, ఎప్పుడూ నక్కి నక్కి ఉంటుందని "పిల్లి" అని పేరు పెట్టింది. మూల వదలదు. మనిషి అలికిడైతే గోడలోకి దూరిపోదామని చూస్తుంది. చుట్టూ ఎవరూ లేరని నమ్మకం కుదిరాకే తింటుంది. గొంతెత్తి ఒక్కసారైనా అరిచిన పాపాన పోలేదు. దానికి కావలసింది ఓపికున్న మనిషి. మాకు బోలెడంత ఓపికండీ అంటూ వచ్చినవాళ్లెవరూ గంటసేపు కూర్చోలేదు.

అలాంటప్పుడు ఫ్రేములాయన వచ్చాడు. బజారు చివర కొట్లో ఫోటోలకు ఫ్రేములు కట్టే మనిషి. షెడ్డులో నేలమీద చతికిలబడి గోడకు ఆనుకున్నాడు. పిల్లిని పిలవలేదు, చిటికె వేయలేదు. పొద్దువాలేదాకా అలాగే కూర్చున్నాడు.

"ఇంట్లో ఎవరెవరుంటారు అన్నయ్యగారూ?"

"నేనే."

"ఇది నెలల తరబడి మీ దగ్గరకు రాకపోవచ్చు. ఫరవాలేదా?"

"రాకపోతే ఏం."

మాట్లాడించబోతే బెల్లం కొట్టిన రాయే. అయినా ఆ కూర్చునే తీరు ఆవిడకు నచ్చింది. తన పద్ధతి చెప్పింది.

"మనిషి కంటే ముందు వాసన అలవాటు కావాలి. బాగా వేసుకుని విడిచిన బట్ట ఒకటి తెచ్చివ్వండి. దీని పక్కన పడేస్తాను. వాసన మచ్చికయితే ఇక మనిషిని చూసి బెదరదు. ఇంతవరకూ ఎప్పుడూ తప్పలేదు. కాకపోతే ఉతక్కూడదు."

ఆయన తలెత్తాడు. వచ్చినప్పటినుంచి అదే మొదటిసారి.

"ఉతకనిదేనా?"

"ఉతికితే ఏముంటుంది, సబ్బు వాసన తప్ప."

"పాడవుతుందా?"

"కుక్క కరిచి లాగే బట్ట, కొత్తదానిలా తిరిగొస్తుందా మరి?"

ఆయన లేచి వెళ్లాడు. చాలా రోజులు కనిపించలేదు. ఇక రాడులే అని ఆవిడ ఆశ వదిలేసుకున్నాక ప్లాస్టిక్ సంచితో వచ్చాడు. మూతికి ముడి మీద ముడి. లోపల ఇంకో సంచి. దానికీ ముళ్లే.

"ఏంటి, పారిపోతుందా?" అని నవ్వింది ఆవిడ.

ఆయన నవ్వలేదు. గోళ్లతో ఒక్కో ముడీ విప్పి బూడిదరంగు స్వెట్టర్ బయటకు తీశాడు. మోచేతి దగ్గర చిరిగితే ఎర్రదారంతో కుట్టారు. వెళ్తూ వెళ్తూ ఖాళీ సంచిని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పిల్లి మొదట దాని వంకే చూడలేదు. తర్వాత దానిమీద ఒక కాలు వేసింది. ఆ తర్వాత మూలకు లాక్కుపోయింది. కుక్కలావిడ ఫోన్ చేసింది.

"వాసన చూస్తోందా?" అన్నాడు ఆయన.

"చూడ్డమా! స్వెట్టర్ చేతిలోకి ముక్కు దూర్చి నిద్రపోతోంది. తీస్తే ఒట్టు. ఇక వచ్చి తీసుకెళ్లండి."

"సరే," అని పెట్టేశాడు.

తీరా ఆయన షెడ్డులోకి అడుగుపెట్టగానే పిల్లి గడగడా వణికిపోయి గోడకు కరుచుకుంది. కింద తడిపేసింది. కుక్కలావిడకు ఒళ్లు మండింది.

"నిజం చెప్పండి. ఉతికి తెచ్చారు కదూ?"

"లేదు."

"మరి మిమ్మల్ని గుర్తుపట్టదేం?"

ఆయన కుక్క వైపు చూశాడు. "ఒక్కసారి ఇంటికి తీసుకురామ్మా. అక్కడ పడుతుంది."

"పట్టలేదో, వెనక్కి తెచ్చేస్తాను. మళ్లీ అడగొద్దు."

ఊళ్లోవాళ్ల ఫోటోలన్నీ గోడలకెక్కించే మనిషి ఇంట్లో గోడలు బోసిగా ఉన్నాయి. పిల్లి గుమ్మం దగ్గరే మొరాయించింది. అంతలో ముక్కు పైకెత్తింది. ఆయన్ను దాటుకుని, తాడుతో సహా ఆవిడను లాక్కుంటూ లోపలి గదిలోకి పరుగెత్తింది. దిండు వాసన చూసింది. మంచం కిందకు దూరి వచ్చింది. బీరువా తలుపును గోళ్లతో గీరింది. తోక ఊపింది. మళ్లీ మంచం కింద చూసింది. చివరికి గది మధ్యలో నిలబడి సన్నగా మూలిగింది. పిల్లి గొంతు ఆవిడ వినడం అదే మొదటిసారి.

"ఏం వెతుకుతోందిది?"

ఫ్రేములాయన గడప దగ్గర చతికిలబడ్డాడు.

"దొరకదురా," అన్నాడు పిల్లితో. "నేనూ ఇల్లంతా వెతికాను."

గొంతులో ఏ తేడా లేదు. సరుకు అయిపోయిందని కొట్లో చెప్పినట్టే చెప్పాడు. పిల్లి ఆ గొంతు వైపు తిరిగింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా వచ్చి, ఆయన చెయ్యి చాస్తే అందేంత దూరంలో పడుకుంది.

కుక్కలావిడ తాడు వదిలేసింది.

మంచం పక్కన బల్లమీద ఒక ఖాళీ ఫ్రేము ఉంది, దాని పక్కన ఇంకా అందులోకి ఎక్కించని ఫోటోలో ఒకావిడ, మోచేతి దగ్గర ఎర్రదారం కుట్టున్న ఆ బూడిదరంగు స్వెట్టరే వేసుకుని, నవ్వుతోంది.