కనకవ్వకు నవ్వాగడం లేదు

కోరుట్లలో డాక్టరమ్మ సంగతి చెప్పగానే కనకవ్వ ఫక్కున నవ్వింది. నలభై నాలుగేళ్లు దాటాయి, ముట్లుడిగిపోయాయనుకుంది. కడుపుబ్బరానికి మందు రాయించుకుందామని వచ్చింది. తీరా చూస్తే నాలుగో నెల.

మీ ఆయన ఏం చేస్తాడని డాక్టరమ్మ అడిగింది.

"దుబాయ్ పోయిండమ్మా. రెండేండ్లాయె."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. కనకవ్వకు మళ్లీ నవ్వొచ్చింది. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పమని డాక్టరమ్మ గొంతు తగ్గించి అంది. ఆ మాటే ఎత్తొద్దంది కనకవ్వ. మేడిపల్లి బస్సెక్కే ముందు వేడి వేడి జిలేబీ కట్టించుకుంది.

ఆమె మొగుడు మల్లేశం తాళ్లెక్కే మనిషి. కల్లు గీస్తే ఇల్లు గడవక దుబాయ్ పట్టాడు. మొదటిసారి ఉత్త చేతులతో తిరిగొస్తే ఊరంతా ఇకిలించింది. బామ్మర్దులైతే పెళ్లి పందిట్లో కూడా వదల్లేదు. ఆ కసితోనే రెండేళ్ల కింద మళ్లీ వెళ్లాడు. ఈసారి బంగారం లేకుండా మీకు మొహం చూపించనని నలుగురి ముందూ ఒట్టేసి మరీ విమానమెక్కాడు. శుక్రవారం శుక్రవారం తన తల్లికీ, కూతురికీ వాట్సాప్‌లో తనే ఫోన్ చేస్తాడు. మీరు మాత్రం చెయ్యొద్దు, డ్యూటీలో మోగితే ఫోర్‌మన్ తిడతాడని చెప్పి పెట్టాడు. ఇంట్లో కనకవ్వ ఒక్కతే బీడీలు చుట్టుకుంటూ ఉంటుంది.

కడుపు ఎన్నాళ్లని దాగుతుంది? కొంగు ఎంత నిండుగా కప్పుకున్నా ఆరో నెలకల్లా వాడకట్టు కళ్లన్నీ అక్కడే. అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. పట్టపగలు తలుపేసుకుంటుందట. ఒక్క మనిషికి అరకిలో మాంసం తెస్తుందట. బీడీలు మునుపటికి రెండింతలు చుట్టి ఇస్తోందట, లెక్క చూసి తీసుకునే టేకేదారే నోరు తెరిచాడట. ఆ మగాడెవడో తేలక ఊళ్లో ఆడవాళ్లంతా ఎవరి మొగుణ్ని వాళ్లు నిలదీసుకున్నారు. రెండిళ్లలో పొయ్యి వెలగలేదు. ఆ కబురు చెవినపడి కనకవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఈ బిడ్డ ఆమెకు కావాలి. ఇంత సంతోషం పెళ్లైన కొత్తలో కూడా ఎరగదు.

సిరిసిల్ల నుంచి కూతురు రజని ఏడ్చుకుంటూ దిగినప్పుడు మాత్రం ఆ నవ్వు కాస్త తగ్గింది.

"అత్తగారింట్ల తలెత్తలేకపోతున్న. ఎవడే వాడు?" అంది రజని.

"తప్పయితే చెయ్యలే బిడ్డా. గింతకన్న చెప్పరాదు," అంది కనకవ్వ.

కూతురి కన్నీళ్లు చూస్తే ప్రాణం ఉసూరుమంది.

వెనకాలే, చిన్నకొడుకు దగ్గరుండే మల్లేశం తల్లి సత్యవ్వ కులపెద్దల్ని వెంటేసుకుని వచ్చింది. అందరూ నడింట్లో చాప మీద కూర్చున్నారు. పేరు చెప్తావా, బట్టలు సర్దుకుంటావా అని అడిగారు. కనకవ్వ తల దించుకుంది. బెదిరించారు, బతిమాలారు. చివరికి ఒక పెద్దాయన, మనవడి వయసు బిడ్డను ఏమని పిలుచుకుంటావమ్మా అని అడిగేసరికి కనకవ్వకు పుసుక్కున నవ్వొచ్చేసింది.

సత్యవ్వకు ఒళ్లు మండిపోయింది.

"మాకు చెప్పకుంటే మాయె, నీ మొగనికి చెప్పు. రజనీ, మీ నాయినకు ఫోన్ కొట్టు. ఇది నా ఇంట్ల ఉండాల్నో పోవాల్నో వాడే చెప్తడు."

కనకవ్వ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. గబుక్కున లేచి నిలబడింది.

"వద్దత్తా. గిప్పుడు డ్యూటీల ఉంటడు."

ఫోన్ లాక్కోబోయింది. రజని చెయ్యి పైకెత్తి నంబర్ నొక్కేసింది. పెద్దలు మాటలాపి చెవులు రిక్కించారు.

మల్లేశం ఫోన్ అటక మీద మోగింది.